రెక్కలు తొడిగిన డెబ్బై ఐదేళ్లు

1950 ఏప్రిల్ 1న బొంబాయిలో ఒకటి, కలకత్తాలో ఒకటి, రెండే రెండు స్క్వాడ్రన్లతో కన్ను తెరిచిన ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌కు 75 ఏళ్లు నిండాయి. ఆ పండుగ తర్వాత వచ్చిన ఈ తొలి చలికాలాన, పత్తి తీతలు సాగుతూ మిరప పండుబారుతున్న గుంటూరు, ప్రకాశం సీమల నుంచి, విమానం పేరెత్తితే ప్రాణం లేచివచ్చే వాళ్లందరి తరఫున మా నిండు అభినందనలు!

1948లో పార్లమెంటు చట్టంతో ఎన్‌సీసీ పుట్టింది. మరుసటి ఏడే ఆడపిల్లల విభాగం, ఆపై ఎయిర్‌వింగ్, 1952లో నేవల్‌వింగ్ ఏర్పడ్డాయి. గ్లైడర్ల కాలం దాటి జెన్ ఎయిర్ మైక్రోలైట్లు, వాటి తర్వాత వైరస్ మైక్రోలైట్లు క్యాడెట్లను గాలిలోకి తీసుకెళ్లాయి. ఇవన్నీ గర్వించదగ్గవే. అయినా మా లెక్కలో ఎయిర్‌వింగ్ చేసిన అసలు మేలు ఏరోమోడలింగ్, అంటే చిన్న నమూనా విమానాలు కట్టి ఎగరేసే విద్య. మైక్రోలైట్ ఎక్కే భాగ్యం కొందరికే దక్కుతుంది. బాల్సా చెక్క, గమ్ము, గరుకు కాగితం మాత్రం విమానాశ్రయం ముఖం చూడని రైతుబిడ్డకు కూడా అందాయి.

ఆ విద్య ఎంత ఓపిక నేర్పుతుందో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. రెక్క ముందంచు నుంచి ఇంచుమించు మూడోవంతు దూరంలో రెండు వేళ్లు ఆనించి మోడల్‌ను ఎత్తితే అది సమంగా నిలవాలి. తోక బరువైతే ఎగిరీ ఎగరగానే కూలుతుంది. ఇక రేడియో కంట్రోల్‌లో అసలు పరీక్ష, విమానం మనవైపు తిరిగి వస్తున్నప్పుడు. అప్పుడు దాని ఎడమ మన కుడి అవుతుంది, కొత్త చేతులు తడబడతాయి. “కిందికి వాలిన రెక్క వైపే స్టిక్ జరుపు” అని గురువు చెప్పే ఒక్క మాట ఎన్ని మోడళ్లను నేలపాలు కాకుండా కాచిందో! ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు రేడియో పెడితే విమానం కూలే రోజులూ ఉండేవి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ బెడద తీరింది.

చలికాలం ఈ విద్యకు పెట్టింది పేరు. మంచు విడిపోయాక, గాలి లేవకముందు ఆకాశం నిలకడగా ఉంటుంది. రిపబ్లిక్ డే శిబిరానికి దేశం నలుమూలల నుంచి క్యాడెట్లు ఢిల్లీ కంటోన్మెంటు చేరి నెల రోజులు గడిపేదీ ఈ చలిలోనే.

మా నేలకూ ఆకాశానికీ చుట్టరికం ఉంది. సూర్యలంకలో వైమానిక దళ స్థావరముంది. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదుగా యుద్ధవిమానాలు అంత కిందికి దిగివచ్చి మళ్లీ లేచినప్పుడు ఊళ్లకు ఊళ్లే పులకించిపోయాయి. ఇప్పుడు మిరప చేల మీద డ్రోన్లు మందు కొడుతున్నాయి. ఆ స్టిక్ పట్టే చేతులకు ఏరోమోడలింగే తొలి బడి. వినోదానికీ చదువుకూ కంటిచూపు మేర ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 డ్రోన్ నిబంధనలు దారి సుగమం చేశాయి కూడా.

ఎయిర్‌వింగ్ శతవసంతాలు జరుపుకోవాలి, జరుపుకుంటుంది! ఆలోపే, దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి పాత రన్‌వే మీద ఒక సంక్రాంతి సెలవుల్లో మా ఆడపిల్లలూ మగపిల్లలూ తమ చేతులతో కట్టిన విమానాలను ఎగరేయాలి. ఆ వేడుకకు ఇప్పుడే ఆహ్వానం పలుకుతూ, దీర్ఘాయుష్మాన్ భవ!