తుఫాను వెలిసిన పిమ్మట

‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తనను రచించిన జాన్ న్యూటన్ పేరు వినగానే మన విద్యార్థులకు గురుత్వాకర్షణ సిద్ధాంతకర్త జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆతడు ఐజాక్, ఈతడు వేఱు. ఈతడు తొలుత బానిసల వర్తకము చేసిన ఓడ నాయకుడు, పిమ్మట మతగురువు. నడుమ ఒక తుఫాను రాత్రి కలదనియు, ఆ రాత్రితో మనుష్యుడే మారిపోయెననియు లోకము చెప్పుకొనును. జరిగినది అంత సులువైనది కాదు.

న్యూటన్ 1725లో లండన్ నగరమున నావికుని యింట జన్మించెను. తల్లి భక్తురాలు. కుమారుడు మతబోధకుడు కావలెనని కోరి, పసితనముననే వేదవాక్యములను, కీర్తనలను కంఠస్థము చేయించెను. ఆతనికి ఏడేండ్లు నిండకమునుపే ఆమె క్షయవ్యాధితో మరణించెను. పదునొకండవ యేట తండ్రి వెంట ఓడ యెక్కిన బాలుడు ఆ పాఠములను క్రమముగా మఱచెను. నడుమ నడుమ భక్తి పుట్టును, కొన్నాళ్లకు జాఱిపోవును. యౌవనమున తోటి నావికుల విశ్వాసమును చెఱచుటయే వినోదముగా పెట్టుకొనెను. 1744లో బలవంతముగా యుద్ధనౌకలో చేర్పబడి, పాఱిపోయి, పట్టుబడి కొరడా దెబ్బలు తినెను. అటుపిమ్మట పశ్చిమాఫ్రికా తీరమున ఒక తెల్ల వర్తకుని కొలువున చేరి, అచ్చట బానిసకంటె హీనముగా చూడబడి, జ్వరముతోను ఆకలితోను కృశించెను. అంతటి దుర్దశలోను తన వద్ద మిగిలిన యూక్లిడ్ రేఖాగణితమును విడువక, ఇసుకలో పుల్లతో గీతలు గీచి నేర్చుకొనెనట! ఉపాధ్యాయులకు ఈ ముచ్చట రుచింపక మానదు.

తండ్రి కోరికపై ఆతనిని వెదకిన ‘గ్రేహౌండ్’ అను ఓడ స్వదేశమునకు మరలుచుండగా, 1748 మార్చిలో ఒక రాత్రి అట్లాంటిక్ సముద్రమున పెనుతుఫాను చెలరేగెను. పైకి ఎక్కబోవుచున్న న్యూటన్‌ను ఓడ నాయకుడు కత్తి తెమ్మని వెనుకకు పంపగా, ఆతనికి బదులు ఎక్కినవానిని అల ఈడ్చుకొనిపోయెను. మధ్యాహ్నము వఱకు పంపు కొట్టి, పిదప అర్ధరాత్రి దాక చుక్కాని పట్టి నిలిచెను. అప్రయత్నముగా దేవుని కరుణను వేడిన తన నోటి మాటకు తానే ఉలిక్కిపడెను. నాలుగు వారములకు ఆ శిథిలనౌక ఐర్లండు చేరెను. ఆ తుఫాను దినమును ఆతడు జీవితాంతము ఏటేట స్మరించుకొనుచుండెను.

కథ ఇచ్చటనే ముగిసినచో ఎంతయో ముచ్చటగా నుండెడిది. ఒడ్డు చేరిన న్యూటన్ దుర్భాషలు మానెను, ప్రార్థన మొదలిడెను, ఆ సంవత్సరమే బానిసల ఓడలో ఉద్యోగియై మరల ఆఫ్రికాకు పోయెను! 1750 నుండి 1754 వఱకు మూడు యాత్రలకు తానే నాయకుడు. ఆదివారమున నావికులను కూర్చి ప్రార్థన జరుపును. తన గదిలో లాటిన్ చదువును. భార్య మేరీకి లేఖలు వ్రాయును. ఆ గదికి క్రిందనే, మెసలుటకైనను చోటులేని అరలలో, ఇద్దఱిద్దఱికి కలిపి సంకెలలు వేసిన మనుష్యులు. తిరుగుబాటు పన్నాగము బయటపడినప్పుడు బాలుర బొటనవ్రేళ్లను సైతము మరలలో బిగించి నిజము రాబట్టిన సంగతిని ఆతడు తన ఓడ దినచర్యలో వ్రాసికొనెను. ఆ కాలమున అది మర్యాదగల వృత్తి యనియు, తప్పని చెప్పిన మిత్రుడొకడైనను లేడనియు సమర్థింపవచ్చును. నా మనస్సునకు ఆ సమర్థన చాలదు. దాస్యము చవిచూచినవాడు కదా!

1754లో ఆతనిచే సముద్రము మాన్పించినది పశ్చాత్తాపము కాదు, హఠాత్తుగా వచ్చిన వ్యాధి. లివర్‌పూల్ రేవులో సుంకపు ఉద్యోగము చేయుచు గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చెను. పెక్కేండ్ల నిరీక్షణ పిమ్మట 1764లో ఆంగ్లికన్ గురువై ఓల్నీ గ్రామమునకు వెళ్లెను. లేసు అల్లి పొట్టపోసికొను అచ్చటి పేదలకొఱకు, కవి విలియం కౌపర్‌తో కూడి కీర్తనలు వ్రాసెను. ‘అమేజింగ్ గ్రేస్’ 1773 నూతన సంవత్సర దినమునకై వ్రాసినది. అనగా తుఫాను వెలిసిన యిరువదియైదేండ్లకు. అప్పటికిని బానిసల వర్తకమును ఖండించుచు ఒక్క మాటయైన ప్రకటింపలేదు.

1780లో లండన్‌లోని సెయింట్ మేరీ వూల్నాత్ దేవాలయమునకు గురువయ్యెను. 1785 డిసెంబరులో ఇరువదియాఱేండ్ల పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ రహస్యముగా ఆతనిని దర్శించెను. దైవసేవకై రాజకీయములను విడువవలెనా యని ఆ యువకుని సందేహము. విడువవలదని న్యూటన్ హితవు చెప్పెను. ఆ యువకుడే కొలది కాలములో బానిసల వర్తకముపై పోరాటమునకు పూనుకొనగా, వృద్ధుడు ఇక మౌనముగా నుండజాలకపోయెను.

1788లో ఆ వర్తకమును గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అప్పటికి ఆతడు అరువదిరెండేండ్ల వాడు. నగరమున పేరుపొందిన బోధకుడు. ఎవరో చేసిన పాపమును ఖండించిన గ్రంథము కాదది. తన చేతులతో చేసిన దానికి సాక్ష్యము. తన ఒప్పుకోలు మిక్కిలి ఆలస్యముగా వచ్చినదని తానే సిగ్గుతో అంగీకరించెను. ఓడలలో బానిసలను పేర్చిన తీరును, స్త్రీలకు జరిగిన అవమానములను కన్నవాని కచ్చితముతో వ్రాసెను. 1790లో కామన్స్ సభ నియమించిన సంఘము ముందు నిలిచి సాక్ష్యము పలికెను. ఈతడు తాను చేసినది చెప్పెను.

బ్రిటిషు ఓడలలో బానిసల వర్తకమును నిషేధించు శాసనము 1807 మార్చి 25వ తేదీన ఆమోదము పొందెను. అప్పటికి న్యూటన్ చూపు దాదాపు పోయినది. ఆ యేడు డిసెంబరు 21వ తేదీన మరణించెను. సమాధి ఫలకముపై చెక్కవలసిన మాటలను తానే ముందుగా వ్రాసిపెట్టుకొనెను. ఒకప్పుడు అవిశ్వాసిననియు, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడననియు అందు చెప్పుకొనెను. నాయకుడై నడపిన మూడు యాత్రల ప్రసక్తి ఆ ఫలకముపై లేదు. వానికై 1788 నాటి ఆ చిన్న గ్రంథమునే చదువవలెను.