రోగి భాష నేర్చుకున్న డాక్టరు: అన్నా సారా కుగ్లర్

గుంటూరు చుట్టుపక్కల పుట్టిన మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది కుగ్లర్ ఆసుపత్రిలో కన్ను తెరిచినవాళ్లే. నేనూ అక్కడే పుట్టాను. చదువుకునే రోజుల్లో నాకది ఊళ్లో దారి చెప్పడానికి పనికొచ్చే పేరు, అంతే. ఆ పేరు వెనకున్న మనిషి గురించి తెలుసుకోవాలనిపించింది ఏభై దాటాక, మా అమ్మ జబ్బుపడినప్పుడు.

అప్పుడు నేను పుణేలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ నడుము నొప్పి అంటుంటే ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారికి మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చు. అమ్మకు తెలుగే వచ్చు. మధ్యలో దుబాసీని నేను. నొప్పి ఒకటి నుంచి పది వరకు ఎంతుందో చెప్పమన్నారు. అమ్మ సలుపు అంది, లాగుతోంది అంది. నేను ఏదో ఒక అంకె చెప్పాను. ఎక్స్‌రేలు తీశారు, మాత్రలిచ్చారు. ఏడాది గడిచినా తగ్గలేదు. ఒకరోజు ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె డ్యూటీలో ఉంది. నన్ను బయటికి వెళ్లమని, అమ్మ పక్కన కూర్చుంది. అయిదు నిమిషాల్లో సంగతి బయటపడింది. గర్భసంచి జారి రెండేళ్లయింది. కొడుకు నోటితో చెప్పించాల్సిన మాట కాదని అమ్మ దాచుకుంది. అడ్డుగోడ నేనే అయ్యానని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతే కుగ్లర్ గారి జీవితం చదివాను. ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసమే నడిచిన వైద్య కళాశాలలో చదివి 1879లో డాక్టరు పట్టా పొందారు. నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు. గుంటూరులో పనిచేస్తున్న లూథరన్ మిషనరీ ఒకాయన, ఇక్కడి ఆడవాళ్లకు లేడీ డాక్టరు ఎంత అవసరమో ఉత్తరం రాశారు. అది ఆమెను కదిలించింది.

ఆ రోజుల్లో ఘోషా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాడికి నాడి కూడా చూపించేవారు కారు. కాన్పు మంత్రసాని చేతుల్లోనే. అది కష్టమైతే ఇక దేవుడే దిక్కు. ఊళ్లో మగ డాక్టరు ఉన్నా ఆ ఇళ్లకు లేనట్టే. మద్రాసులోనూ ఇదే పరిస్థితి కాబట్టే 1885లో డాక్టర్ మేరీ షార్లీబ్ అక్కడ ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు.

కుగ్లర్ గారు 1883 చివర్లో గుంటూరు చేరారు. విచిత్రమేమంటే, పంపిన సంఘం అప్పటికి వైద్యం పని మొదలుపెట్టడానికి సిద్ధంగా లేదు. మామూలు మిషనరీగా, బడుల పనికి పంపింది. ఆమె తెలుగు నేర్చుకున్నారు. బడుల పని చూస్తూనే పిలిచిన ఇంటికల్లా వెళ్లి వైద్యం చేశారు. 1885లో గానీ ఆమెను వైద్య మిషనరీగా నియమించలేదు.

పెద్ద కులాల ఇళ్లలో ఆమెకు ఇంకో చిక్కు ఎదురైంది. దొరసాని, పైగా అన్ని కులాలవాళ్లనూ ముట్టుకునే మనిషి కాబట్టి ఆమెను అంటరానిదానిగా చూసినవాళ్లున్నారు. అయినా ఆమె ఎవరికీ వైద్యం మానలేదు. 1893లో డిస్పెన్సరీ, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు.

ఈ కథలో నాకు బాగా నచ్చింది ఒక సత్రం. తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు, ఆసుపత్రికి వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి ఒక వసతి గృహం కట్టించారు. మడీ ఆచారం పట్టింపు ఉన్న ఇంటివాళ్లకు అక్కడ తమ పద్ధతిలో తాము ఉండే వీలు కలిగింది. కుల పట్టింపు మంచిదని నేననను. కానీ దాన్ని వదులుకుంటే తప్ప గుమ్మం తొక్కొద్దంటే ఆ ఇంటి కోడలు వైద్యం లేకుండానే పోయేది. ముందు ప్రాణం నిలబడాలి.

ఆమె మత ప్రచారం కోసమూ వచ్చారన్నది దాచాల్సిన విషయం కాదు. తన విశ్వాసాన్ని ఆమె ఎన్నడూ దాచుకోలేదు. అలాగని వైద్యానికి వచ్చినవాళ్లకు మతం షరతు కాలేదు. ఆ ఆసుపత్రిలో తెలుగు అమ్మాయిలకు నర్సు శిక్షణ కూడా ఇచ్చారు. రోగి మాట రోగి భాషలోనే వినే మనుషులు అలా తయారయ్యారు. ఆమెతో పనిచేసిన డాక్టర్ మేరీ బేర్ పేరున చీరాలలోనూ ఆసుపత్రి వెలిసింది. ప్రభుత్వం కుగ్లర్ గారికి 1905లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. నలభై ఆరేళ్లకు పైగా మన మధ్య గడిపి, 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచింది.

నేను ఇంజనీర్ని. నేల పరీక్ష చేయకుండా పునాది గీయకూడదని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. కుగ్లర్ గారు మందుల పెట్టె తెరిచే ముందు చేసిన పని అదే.

అమ్మకు ఆపరేషన్ అయింది, ఇప్పుడు కులాసాగా ఉంది. మనలో ఎంతోమందిమి పరాయి రాష్ట్రాల్లో, పరాయి దేశాల్లో ఉన్నాం. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అన్నీ మనమే చెప్పేయకుండా, వాళ్ల భాష వచ్చిన నర్సు గానీ, డాక్టరు గానీ ఉన్నారేమో అడుగుదాం. దొరికితే కాసేపు గది బయట నిలబడదాం. మన బడిలో చదివి డాక్టర్లు, నర్సులు అయినవాళ్లకు నా మనవి కూడా ఇదే. ముసలమ్మ వెంట వచ్చిన కొడుకును ఒక్క అయిదు నిమిషాలు బయటికి పంపండి.