రాజును అడిగితె మతాన్ని తిట్టినట్టా? షోయబుల్లా ఖాన్ ముచ్చట

బాసరకు ఏటా వేల మంది పిల్లలను ఎత్తుకొని వస్తరు. సరస్వతమ్మ గుడిల పలక పట్టిచ్చి, చెయ్యి పట్టి తొలి అక్షరం దిద్దిస్తరు. అక్షరం దిద్దే చెయ్యికి ఎంత విలువుందో ఈ ఊరికి ఒకరు చెప్పే పని లేదు. సర్కారును అడుగుతూ రాసిందని 1948ల నరికిన ఒక చెయ్యి ముచ్చట చెప్పుకుందం. ఆ చెయ్యి షోయబుల్లా ఖాన్‌ది. ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌కు ఎడిటర్. సచ్చిపోయిననాటికి ఇరవై ఏడేండ్లు.

గిప్పుడు ఈ ముచ్చట ఎందుకంటరా? ఏటా సెప్టెంబర్ 17 దగ్గరికి రాంగనే మన ఫోన్లల నిజాం పంచాయితి మొదలైతది. ఒక దిక్కు నుంచి వచ్చే మెసేజ్‌ల నిజాం చేసిన జులుం అంతా చెప్పి, ఆఖరుకు మన పక్కింటి తురకోళ్ల మీదికి తెస్తరు. ఇంకో దిక్కు నుంచి వచ్చే మెసేజ్‌ల నిజాం గురించి ఒక్క మాట అడిగినా నువ్వు ముస్లింల పగోడివే అంటరు. రెండూ ఒకదానికొకటి పోటీ పడుతున్నట్టు కొడ్తది గని, రెండిటిల ఉన్నది ఒకటే తప్పు. రాజ్యాన్ని, మతాన్ని ఒకటే చేసి చూసుడు. షోయబుల్లా బతుకు ఆ రెండు మాటలను ఒక్కతీరుగ అబద్ధం చేస్తది. అందుకేనేమో, ఆ మెసేజ్‌లల ఆయన పేరు ఎక్కువ కనిపించది.

ఆయన 1920ల మానుకోట దిక్కు పుట్టిండు. నాయిన హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసుల కొలువు చేసేటోడు. పిలగానికి గాంధీ పోలికలు ఉన్నయని ఇంట్ల ముద్దుగ షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేటోళ్లని చెప్తరు. ఉస్మానియా యూనివర్సిటీల బీఏ చదివిండు. గా రోజులల్ల ఉస్మానియాల చదివి, ఉర్దూ మంచిగ వచ్చిన ముస్లిం పిలగానికి సర్కారు కొలువు దొరుకుడు పెద్ద కష్టం కాదు. దఫ్తర్ల కూసొని, సలాం కొట్టి, జీతం తీసుకొని బతకొచ్చు. ఆయన ఆ తొవ్వ పట్టలేదు. పత్రికల పని పట్టిండు.

ముందుగాల తేజ్ పత్రికల చేరిండు. సర్కారును ప్రశ్నిస్తున్నదని దాన్ని ఆపించిన్రు. తర్వాత మందుముల నర్సింగరావు నడిపిన రయ్యత్ పత్రికకు పోయిండు. రయ్యత్ అంటె రైతు, ప్రజ. దాన్ని గూడ సర్కారు మూపిచ్చింది. రెండు పత్రికలు మూతపడ్డంక ఎవరైనా ఇగ సాలు అనుకుంటరు. షోయబుల్లా 1947 నవంబర్‌ల సొంతంగ ఇమ్రోజ్ పెట్టిండు. ఇమ్రోజ్ అంటె ఇయ్యాల, ఈ రోజు. బూర్గుల రామకృష్ణారావు అసొంటి పెద్దలు ఆయనకు అండగ నిలవడ్డరు.

ఆయన రాసింది ఉర్దూల. అది దర్బారు భాష, కోర్టుల భాష, కొలువుల భాష. నిజాంకు ఎదురు మాట అంటె తెలుగోళ్లు, మరాఠోళ్లు మాత్రమే అంటరని సర్కారు చెప్పుకునేది. అదే ఉర్దూల, ఒక ముస్లిం చేతితోని, ముస్లింలు చదివే పత్రికల ఆ మాట వస్తుంటె సర్కారుకు జవాబు దొరకలేదు. రాజభాష అనుకున్నది ప్రజల భాష గూడ అయి కూసున్నది.

ఆ రోజులు ఎట్ల ఉండెనో జర తెలుసుకోవాలె. 1947 ఆగస్టుల దేశానికి స్వతంత్రం వచ్చింది గని హైదరాబాద్ రాజ్యం అండ్ల కలవలేదు. నవంబర్ 29న భారత సర్కారుతోని ఏడాది కోసం యథాతథ ఒప్పందం చేసుకున్నరు. ఇటు ఊర్లల్ల రజాకార్లు దిగిన్రు. వాళ్లకు పెద్ద కాశిం రజ్వీ, లాతూర్ వకీలు, మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అప్పటి అధ్యక్షుడు. ఆ సంస్థ అనల్ మాలిక్ అనే సిద్ధాంతం చెప్పేది. దాని అర్థం ఏందంటె, ఈ రాజ్యంల ప్రతి ముస్లిం తనే రాజు, నిజాం ఆ రాజరికానికి గుర్తు మాత్రమే అని.

ఇనడానికి పేద ముస్లింకు కిరీటం పెట్టినట్టే ఉంటది. కడుపుల చెయ్యి పెట్టి చూస్తె సంగతి వేరే. జట్కా తోలెటోడు, దూదేకులాయన, బీడీలు చుట్టే అమ్మ, వీళ్లకు ఏ జాగీరు ఉండె? రాజ్యంల భూమి సుమారు నూటికి అరవై వంతులు సర్కారు దివానీ కింద, ముప్పై వంతులు జాగీర్ల కింద, పది వంతులు నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండె. పేద ముస్లిం వాటా ఇండ్ల ఏదీ లేదు. రాజరికం పేరు ఆయనకు ఇచ్చిన్రు, జాగీరు మాత్రం జాగీర్దారు దగ్గర్నే ఉన్నది. గని ఆ పేరుతోని వచ్చిన బరువు మాత్రం ఆయన నెత్తినే పడ్డది. రాజ్యం చేసిన ప్రతి జులుంకు జిమ్మేదారు ఆయనే అయిపోయిండు.

ఇంకో దిక్కు గూడ చూడున్రి. నిజాం రాజ్యాన్ని ఊర్లల్ల నిలబెట్టింది ముస్లింలేనా? గడీలల్ల కూసొని వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖులు ఎక్కువ మంది హిందువులు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూర్ దేశ్‌ముఖు మీద కోర్టుల కొట్లాడితె, దొర మనుషులు ఆయనను సంపిన్రు. సచ్చిపోయిన రైతు ముస్లిం, సంపించిన దొర హిందువు, ఇద్దరి మీద ఉన్న రాజ్యం నిజాంది. 1947 ఆఖరుల లాయక్ అలీ ప్రధాని అయినంక ఆయన మంత్రివర్గంల ఉపప్రధాని పింగళి వెంకట్రామారెడ్డి. మతం పేరుతోని ఈ లెక్క తేల్చబోతె ఎక్కడా తేలది. భూమి ఎవరి చేతుల ఉండె, తుపాకి ఎవరి చేతుల ఉండె అని అడిగితెనే తేల్తది. షోయబుల్లా అడిగింది గదే.

ఇమ్రోజ్‌ల ఆయన రాసింది మూడు సంగతులు. రజాకార్లు ఊర్ల మీద పడి చేస్తున్న దోపిడీ, సంపుడు ఆగాలె. ప్రజలకు జవాబు చెప్పే సర్కారు రావాలె. హైదరాబాద్ భారతదేశంల కలవాలె. మూడూ రాజ్యం మీద మాటలే. ఇండ్ల ఇస్లాం మీద మాట ఏది? ఒక్కటి గూడ లేదు. నమాజును, మసీదును, తన మనుషులను ఆయన ఇడిసిపెట్టలేదు. తన మనుషులు ఈ రాజ్యంతోని కలిసి మునుగొద్దనే ఆయన తండ్లాట. రజాకార్ల పాపం రేపు బీద ముస్లింల మీద పడ్తదని ఆయనకు ముందే కనిపించినట్టున్నది.

గీ పనిల ఆయన ఒక్కడే లేడు. అందోల్‌ల పుట్టిన కవి మఖ్దూం మొహియుద్దీన్ కార్మికులను కూడగట్టి నిజాం సర్కారుతోని తలపడ్డడు. నాందేడ్ జిల్లాల సర్కారు కొలువు చేసిన ఫరీద్ మీర్జా రజాకార్ల జులుం కండ్లార చూసి కొలువు ఇడిసిండు. ఆ నాందేడ్ జిల్లా అంటె మనకు పరాయిది కాదు. బాసర, ముధోల్, భైంసా 1956 దాకా ఆ జిల్లాలనే ఉండె. 1948 ఆగస్టుల ఫరీద్ మీర్జా గూడ ఉన్న ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన మీద దస్తఖత్ చేసిన్రు. రజాకార్లను రద్దు చెయ్యాలె, రాజ్యాన్ని భారతదేశంల కలపాలె అన్నది దాని సారం. దాన్ని ఇమ్రోజ్‌ల అచ్చేసిండు షోయబుల్లా.

ఇగ రజాకార్లకు ఆగలేదు. హిందువు రాస్తె మతం పేరు చెప్పి తోసెయ్యొచ్చు. ముస్లిం రాస్తె ఏమని తోస్తరు? ద్రోహి అని ముద్ర కొట్టుడే మిగిలింది. ఆగస్టు 19న హైదరాబాద్ జమ్రుద్ మహల్ టాకీస్‌ల జరిగిన సభల కాశిం రజ్వీ, తమకు ఎదురు రాసే చేతులు తెగిపడ్తయని బెదిరించిండు. అప్పటికే షోయబుల్లాకు బెదిరింపు ఉత్తరాలు వస్తుండె. దోస్తులు పైలం అని చెప్పిన్రు. ఆయన పత్రిక ఆపలేదు.

ఆగస్టు 21 రాత్రి ఇమ్రోజ్ దఫ్తర్ల పని ఒడగొట్టుకొని, అర్ధరాత్రి దాటినంక బామ్మర్ది ఇస్మాయిల్ ఖాన్‌తోని ఇంటికి నడిచిపోతుండు. లింగంపల్లి చౌరస్తా దగ్గర కాపుకాసినోళ్లు మీద పడ్డరు. తుపాకి కాల్చిన్రు, కత్తులతోని నరికిన్రు. రాసే కుడి చెయ్యిని తెగేసిన్రు. అడ్డం పోయిన ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి గూడ పోయింది. తెల్లారక ముందే షోయబుల్లా ప్రాణం ఇడిసిండు.

సరిగ్గ ఇరవై ఆరు రోజులకు, సెప్టెంబర్ 17న, నిజాం సర్కారు లొంగిపోయింది. ఆయన రాసినట్టే హైదరాబాద్ భారతదేశంల కలిసింది. ముచ్చట గిక్కడనే ఒడిసిపోతె బాగుండు. ఒడవలేదు.

రాజ్యం పడిపోయినంక చానా చోట్ల జనం రజాకార్ల మీది కోపం తీస్కపోయి ఊర్లె ఉన్న మామూలు ముస్లింల మీద తీర్చుకున్నరు. నెహ్రూ సర్కారు పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 నవంబర్, డిసెంబర్‌ల ఊర్లు తిరిగి ఒక రిపోర్టు ఇచ్చింది. ఆ బృందంల హైదరాబాద్ ఉర్దూ పత్రిక పయాం పెట్టిన ఖాజీ అబ్దుల్ గఫార్ గూడ ఉండె. రాజ్యం మొత్తంల తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది సచ్చిపోయిన్రని ఆ బృందం లెక్క కట్టింది. అన్నిటి కన్న ఎక్కువ పాణాలు పోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అవును, మన బాసర అప్పుడు ఉన్న నాందేడే. ఆ రిపోర్టును చానా ఏండ్లు బయట పెట్టలేదు.

గిప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడున్రి. ఆగస్టుల రజాకార్లు ఏమనుకున్నరు? రాజ్యాన్ని అడిగినోడు మతాన్ని అడిగినట్టే అనుకున్నరు, అందుకే షోయబుల్లాను సంపిన్రు. సెప్టెంబర్ దాటినంక గుంపులు ఏమనుకున్నయి? ఆ మతపోడు అయితె ఆ రాజ్యపోడే అనుకున్నయి, అందుకే ఏ పాపం తెల్వని దూదేకులాయనను సంపినయి. కాశిం రజ్వీ చెప్పిన అనల్ మాలిక్ మాటనే ఆ గుంపులు గూడ నమ్మినయి. ప్రతి ముస్లిం రాజే అని రజ్వీ అంటె, అయితె ప్రతి ముస్లిం మీద రాజు పాపం రాస్తం అని గుంపులు అన్నయి. పగోళ్లు అనుకున్న ఇద్దరూ ఒకటే పుస్తకం చదివిన్రు.

ఆ పుస్తకం ఇంకా మూతపడలేదు. పక్క దేశంల సర్కారు ఏదన్న చేస్తె, ఇక్కడ సైకిల్ పంక్చర్ ఏసుకునే ముస్లింను జవాబు అడుగుతరు. ఇజ్రాయెల్ సర్కారు గాజాల చేసే పని మీద అడిగితె యూదుల మీద పగ అంటరు కొందరు. ఆ సర్కారును అడిగే సాకుతోని ఎక్కడో బతికే యూదుల ప్రార్థన మందిరం మీద రాళ్లేస్తరు ఇంకొందరు. 2023ల అదే ఇజ్రాయెల్ సర్కారు తెచ్చిన కోర్టుల చట్టం మీద నెలల తరబడి రోడ్ల మీదికి వచ్చిన లక్షల మందిల ఎక్కువ యూదులే. షోయబుల్లాలు ప్రతి దేశంల ఉంటరు. సొంత రాజ్యాన్ని అడిగెటోడే ఈ గీతను అందరి కన్న సాఫ్‌గ గీస్తడు.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, ఆయన పత్రిక నుంచి మనం నేర్చుకునే కొలత ఒకటున్నది. పోస్టు పెట్టే ముందు మూడు సంగతులు సూసుకోవాలె. నేను అడుగుతున్నది చేసిన పనినా, పుట్టిన పుట్టుకనా? జీవో, చట్టం, తేదీ, మంత్రి పేరు చెప్తున్ననా, లేకుంటె వాళ్లంతా గంతే అంటున్ననా? ఇదే పని నా మతపోడు, నా కులపోడు, నా పార్టోడు చేస్తె గింతే గట్టిగ అడుగుతనా? ఆఖరుది, నేను రాసిన దానికి జవాబు చెప్పాల్సింది కుర్చీల కూసున్నోడా, నా ఊర్లె కిరాణం కొట్టు నడుపుకునెటోడా? కుర్చీల ఉన్నోడు అయితె జంకకుండ రాయున్రి. మతాన్ని తిట్టినవని, దేశాన్ని తిట్టినవని ఎవరైనా బెదిరిస్తె, కుర్చీలున్నోడు దేవుని ఎనకాల దాక్కుంటున్నడని సమజ్ చేసుకోవున్రి. కొట్టు నడుపుకునెటోడు అయితె వేలు ఆపున్రి. అది రాజకీయం కాదు, పగ.

మూడు అంటిని, నాలుగు అయినయి. ఆఖరుదే అసలుది గనుక ఉండనియ్యున్రి. బాసర నుంచి భైంసా గంట తొవ్వ గూడ కాదు. 2008ల, 2020ల, 2021ల ఆ ఊర్లె అంటుకున్న మంటలల్ల కాలినయి పేదోళ్ల ఇండ్లు, దుకాండ్లు. ఏ మంత్రి బంగ్లా కాలలేదు. ఈ సెప్టెంబర్‌ల మళ్ల మెసేజ్‌లు వస్తయి. నిజాం జులుం గురించి చెప్పున్రి, గట్టిగ చెప్పున్రి, వెట్టి చేసిన మన తాతల బాకీ అది. చెప్పేటప్పుడు షోయబుల్లా ఖాన్ పేరు గూడ కలిపి చెప్పున్రి. ఆ పేరు ఉన్న మెసేజ్‌తోని పక్కింటోని మీద రాయి ఎత్తుడు ఎవ్వని తరం కాదు.