జాన్ హంటర్

దుప్పికొమ్మునకు రక్తము చేరు విధమును పరిశీలించిన వైద్యుని చరిత్రను మేమిచ్చట వ్రాయుచున్నాము.

జాన్ హంటర్ క్రీ.శ. 1728వ సంవత్సరమున స్కాట్లండులో, గ్లాస్గో నగరమునకు సమీపమున జన్మించెను. పదిమంది సంతానములో కడపటివాడు. బడిచదువు అతనికి రుచింపలేదు. ఇది చదివి మనలో కొందరు సంతసింపవచ్చును గాని, అతడు పొలములవెంట తిరుగుచు పక్షులను, ఆకులను, చీమలను శ్రద్ధతో పరిశీలించుచుండెనని మరువరాదు. 1748లో లండను చేరి, అన్న విలియం నడుపు పాఠశాలలో శరీరశాస్త్రము నేర్చెను. 1768లో సెయింట్ జార్జి ఆసుపత్రిలో శస్త్రవైద్యుడయ్యెను. మశూచికి టీకా నెలకొల్పిన జెన్నరు ఇతని శిష్యుడే.

దుప్పికొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. ఎదుగు దినములలో వాటిపై మఖమలువంటి చర్మముండును. అందలి రక్తనాళములచే కొమ్ము తాకిన వెచ్చగానుండును. 1785లో హంటర్ రిచ్‌మండ్ వనమందలి యొక దుప్పి మెడలో ఒక ప్రక్క ధమనిని దారముతో బిగించెనని చెప్పుదురు. ఆ ప్రక్క కొమ్ము చల్లబడెను. ఇక అది ఎదుగదని తలచెను. కొలది దినములకు తాకిచూడగా కొమ్ము మరల వెచ్చగానుండెను! కట్టు వదులయ్యెనేమోయని శోధింపగా అది గట్టిగనేయుండెను. చుట్టునున్న సన్నని నాళములు లావెక్కి రక్తమును చేరవేయుచుండెను. పెద్దకాలువ పూడినప్పుడు పిల్లకాలువలు వెడల్పయినట్లన్నమాట.

ఆ సంవత్సరము డిసెంబరులోనే, మోకాలి వెనుక ధమని ఉబ్బి బాధపడు బండివాడొకడు వచ్చెను. అట్టివారికి కాలు తీసివేయుట నాటి వాడుక. హంటర్ కాలు తీయక, తొడలోని ధమనిని కట్టెను. కాలు చావలేదు. ఆరువారములకు అతడు నడచి ఇంటికేగెను.

ఇతరుల కాళ్లను కాపాడిన యీతనికి 1773 నుండియే గుండెనొప్పి యుండెను. కోపము వచ్చినచో నొప్పియు వచ్చెడిది. తనకు కోపము తెప్పించువారి చేతిలోనే తన ప్రాణమున్నదని మిత్రులతో చెప్పుచుండెను. 1793 అక్టోబరు 16న ఆసుపత్రి సమావేశమున వాగ్వాదము కలుగగా, ప్రక్కగదికి పోయి కూలి మరణించెను. శవపరీక్షలో గుండెధమనులు ఎముకవలె గట్టిపడి కనబడెను.

గుండెధమని మెల్లగా ఇరుకైనపుడు అందునను పిల్లకాలువలు వెడల్పగునని నేడు మనమెరుగుదుము. ఇదిగాక, ప్రాణవాయువు చాలని కండరము ఒక మాంసకృత్తును వెలువరించి క్రొత్త సూక్ష్మనాళములను మొలపించును. హఠాత్తుగా పూడినచో మాత్రము వీటికి వ్యవధి చాలదు. కొలది గంటలలో కండరము చచ్చును. ఆ మాంసకృత్తును గుర్తించి 1989లో ప్రకటించిరి. దానిని రోగుల గుండెకందించి నాళములను పెంచుటకు 1990 తరువాత వైద్యులు పలుమారులు యత్నించిరి. జంతువులలో కనబడిన ఫలము మనుష్యులలో ఆశించినంతగా కనబడలేదు.