వనపర్తిలో సూర్యగ్రహణం: చింతామణి రఘునాథాచార్యుల చరిత్ర

గద్వాల కోటలోని శ్రీ చెన్నకేశవస్వామిని సేవించి, కృష్ణానదిని దాటి, వనపర్తి సమీపాన శ్రీరంగాపురంలో వెలసిన శ్రీ రంగనాయకస్వామి దర్శనానికి వెళ్ళే భక్తులు ఎందరో కలరు. ఆ సీమలో ఒకనాడు పట్టపగలే చీకటి క్రమ్మిన వృత్తాంతం, దానిని పరిశీలించడానికి మద్రాసు నుండి ఒక జ్యోతిర్విదుడు వచ్చిన వృత్తాంతం ఎరిగినవారు కొద్దిమందే. ఆయనే చింతామణి రఘునాథాచార్యులు.

ఆచార్యులవారిది పంచాంగకర్తల వంశం. చిన్న వయస్సులోనే మద్రాసు నుంగంబాకంలోని నక్షత్రశాలలో ఉద్యోగంలో ప్రవేశించి, క్రమంగా ప్రథమ సహాయకుని పదవికి ఎదిగారు. 1792లో నెలకొన్న ఆ వేధశాలలో, ప్రభుత్వ ఖగోళజ్ఞుడైన పోగ్సన్ వద్ద, రాత్రులు మేలుకొని వేలకొలది నక్షత్రాల స్థానాలను కొలిచారు. 1867 జనవరిలో దక్షిణ గగనాన, దూరదర్శినికి మాత్రమే గోచరించే ఒక తారను కనుగొన్నారు. దాని కాంతి సుమారు తొమ్మిది మాసాలకు ఒకమారు పెరిగి తరుగుతూ ఉంటుంది.

మరుసటి సంవత్సరం, విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, అనగా 1868 ఆగస్టు 18వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. చంద్రుని నీడ మన దేశాన్ని పడమటి నుండి తూర్పునకు దాటింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఆ నీడలో మునిగాయి. పోగ్సన్ మచిలీపట్నానికి వెళ్ళగా, నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళిన బృందానికి ఆచార్యులవారే నాయకత్వం వహించారు. గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యబింబం అంచున లేచే జ్వాలలు మండే వాయువులని ఆనాడే గ్రహించారు.

ప్రతి అమావాస్యకు గ్రహణం ఎందుకు రాదని కొందరు అడుగవచ్చు. చంద్రుని మార్గం సూర్యుని మార్గానికి సుమారు ఐదు అంశలు వాలి ఉన్నది. ఆ రెండు మార్గాలూ కలిసే బిందువులకే రాహు కేతువులని పేరు. అమావాస్యనాడు చంద్రుడు అట్టి బిందువు చెంత ఉన్నప్పుడే సూర్యుని కప్పగలడు. కనుక గ్రహణసమయాన్ని ముందుగానే లెక్కించవచ్చును. లెక్క సరియైనదో కాదో ఆకాశమే చెబుతుంది.

ఈ పరీక్షనే పంచాంగానికీ పెట్టాలన్నది ఆచార్యులవారి పట్టుదల. పాత గణితం ననుసరించిన తిథికి, ఆకాశంలోని చంద్రుని స్థితికి కొన్ని గంటల తేడా వచ్చుచుండెను. సామాన్య కార్యాలలో అది అల్పంగా తోచవచ్చు. కాని సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందుండే అరుణోదయాన దశమి స్పర్శ ఉన్నచో, వైష్ణవులు ఆనాడు ఏకాదశి ఉపవాసం ఉండరు. లెక్క తప్పినచో వ్రతమే దినం తప్పుతుంది. అందుకే ఆయన దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించారు. పెద్దలు నిర్ణయించిన గణితాన్ని మార్చుట తగునా అని సంశయించినవారు లేకపోలేదు. అయితే కంటికి కనబడేదానితో గణితాన్ని సరిచూచుకొనుట మన సంప్రదాయానికి కొత్త కాదు. కేరళలో పరమేశ్వరుడు 1431లోనే దృగ్గణితమను గ్రంథాన్ని రచించెను.

1872లో ఆయనకు లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యత్వం లభించింది. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటనుండగా, ఆ వింతను జనులకు వివరిస్తూ ఆంగ్లంలోను, దేశభాషలలోను ముందుగానే పుస్తకం వెలువరించారు. పామరులకు సైతం ఆకాశవిద్య అందాలన్నదే ఆయన ఆశయం. 1880 ఫిబ్రవరి 5న ఆయన పరమపదించారు.

శ్రావణమాసంలో శ్రీరంగాపురంలో బసచేసే యాత్రికులు రాత్రి పదిగంటల వేళ తల పైకెత్తి చూతురుగాక. నడినెత్తికి కొంచెం దక్షిణంగా, ఒకే వరుసలో మూడు తారలు కనబడతాయి. నడుమ వెలిగేది శ్రవణం, శ్రీనివాసుని జన్మనక్షత్రం. పౌర్ణమినాడు చంద్రుడు దాని ప్రాంతాన ఉండుటచేతనే ఆ మాసానికి శ్రావణమని పేరు వచ్చింది. ఉత్తరాన, చాచిన చేతి పిడికిలి ఒకటిన్నర ఎత్తున, ధ్రువుడు నిలిచి ఉంటాడు. పంచాంగంలో చదివిన దానిని ఇట్లు కంటితో సరిచూచుకొనుటే రఘునాథాచార్యులవారు మనకు చూపిన బాట. పూజకు ముందు తిథిని తలచే ప్రతి గృహమూ ఆ మహనీయుని కూడ స్మరించదగును.