గేరు మార్చడానికి దిగాల్సిన రోజుల నుంచి: తుల్లియో కంపన్యోలో కథ

రోడ్ బైక్ కొందామని లెక్కలు వేసుకునేవాళ్ళందరూ ఒకచోట ఇరుక్కుంటారు. ఫ్రేమ్ అదే, రంగు కూడా అదే, గేర్ల సెట్టు మాత్రం వేరు. దాంతో ధర ఒక్కసారిగా పైకి పోతుంది. షిమానోలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లు మెట్లుగా ఉంటాయి. పై మెట్టుకి పోయేకొద్దీ డబ్బు పెరుగుతుంది. మరి పనితనం కూడా అంతే పెరుగుతుందా? దీని మీద వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నాకు మాత్రం ఒక మనిషి జీవితం చదివాక క్లారిటీ వచ్చింది. సైకిల్ పార్టుకి కూడా వాచీకి ఉన్నట్టు ఒక బ్రాండ్ గౌరవం తెచ్చిపెట్టిన మనిషి ఆయన. పేరు తుల్లియో కంపన్యోలో.

తుల్లియో 1901 ఆగస్టు 26న ఇటలీ ఉత్తరాన ఉన్న విచెంజా అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్నకి ఒక హార్డ్‌వేర్ షాపు ఉండేది. మేకులు, నట్లు, బోల్టులు, పనిముట్లు చూస్తూ పెరిగిన పిల్లాడు. ఇంజనీరింగ్ డిగ్రీతో వచ్చిన మనిషి కాదు, చేతిపని తెలిసిన మనిషి. ఇరవైల్లో ఉండగా సైకిల్ రేసుల పిచ్చి పట్టింది. అమెచ్యూర్‌గా రేసులు తొక్కేవాడు. పెద్ద చాంపియన్ ఏమీ కాలేదు.

ఆ రోజుల్లో రేస్ సైకిల్ ఎలా ఉండేదో తెలిస్తేగానీ ఈ కథ అర్థం కాదు. వెనక చక్రానికి రెండు పక్కలా ఒక్కో పళ్ళచక్రం ఉండేది. ఒక పక్కది చదును రోడ్డుకి, రెండో పక్కది కొండ ఎక్కడానికి. కొండ మొదలైతే రేసు మధ్యలో సైకిల్ దిగాలి. ఇరుసుకి బిగించిన రెక్కల నట్లని (వింగ్ నట్స్) చేత్తో తిప్పి ఊడదీయాలి, చక్రాన్ని బయటికి లాగి అటుదిటు తిప్పాలి, మళ్ళీ చైన్ వేసి బిగించి ఎక్కాలి. కొండ దిగేటప్పుడు ఇదంతా మళ్ళీ రివర్స్‌లో చేయాలి. రేసు గెలవడం ఓడటం ఒక్కోసారి కాళ్ళ బలం మీద కాదు, ఈ నట్లు ఎంత తొందరగా వచ్చాయన్న దాని మీదే తేలిపోయేది.

1920లలో ఒక నవంబరు నెల. డోలమైట్ కొండల దగ్గర క్రోచె దావునె అనే కనుమ దారి. దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. ఆ రేసులో తుల్లియో గేరు మార్చడానికి దిగాడట. బాగా చలి, రోడ్డు మీద మంచు. నట్లు బిగుసుకుపోయాయి, వేళ్ళు కొంకర్లు పోయాయి. నట్టు కదల్లేదు, మిగతావాళ్ళు దాటిపోయారు. సైకిల్ ప్రపంచం ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. ఏ సంవత్సరం అన్నదాని మీద పుస్తకాలు ఒక మాట మీద ఉండవు, కొందరైతే కథ మొత్తాన్నే నమ్మరు. కానీ ఆ తర్వాత జరిగింది మాత్రం పేటెంటు కాగితాల మీద ఉంది.

1930లో ఆయన చక్రాలకి క్విక్ రిలీజ్ పేటెంట్ తీసుకున్నాడు. ఇరుసుని బోలుగా చేసి, దాని లోపలి నుంచి ఒక సన్నటి కడ్డీ దూర్చి, ఒక చివర చిన్న లీవర్ పెట్టాడు. లీవర్ కింద ఒక క్యామ్ ఉంటుంది. లీవర్ ఇటు తిప్పితే చక్రం బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. స్పానర్ అక్కర్లేదు, వేళ్ళ బలం కూడా పెద్దగా అక్కర్లేదు. ఇప్పుడు మన హాస్టల్ స్టాండులో ఉన్న గేర్ సైకిళ్ళు చూడండి, చాలావాటి ముందు చక్రానికి ఆ లీవరే కనిపిస్తుంది. డిస్క్ బ్రేకులున్న కొత్త రోడ్ బైకుల్లో త్రూ ఆక్సిల్ వచ్చేసింది గానీ, అంతకుముందు చాలా దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం వాడింది ఈ డిజైన్‌నే.

1933లో కంపెనీ పెట్టాడు. పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు, వాళ్ళ నాన్న షాపు వెనక గదిలోనే పని. పూర్తి టైమ్ ఉద్యోగిని మొదటిసారి పెట్టుకున్నది 1940లో. అంటే ఏడేళ్ళు దాదాపు ఒంటరిగానే లాక్కొచ్చాడు. స్టార్టప్ అంటే మొదటి నెలలోనే ఆఫీసు, టీ షర్టులు అనుకునే మనకి ఇది కొంచెం వింతగా ఉంటుంది.

ఇక గేర్ల సంగతి. ఇక్కడ ఒక విషయం సరిగా చెప్పుకోవాలి. చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్‌ని కనిపెట్టింది తుల్లియో కాదు. ఫ్రాన్స్‌లో సరదాగా దూరాలు తొక్కేవాళ్ళు అంతకుముందే వాడుతున్నారు. టూర్ డి ఫ్రాన్స్‌లో మాత్రం 1937 దాకా రేసర్లకి డీరైలర్ వాడే పర్మిషన్ లేదు. అది పోయాక అసలు పోటీ మొదలైంది.

1940లలో తుల్లియో తెచ్చిన గేరు పేరు కాంబియో కోర్సా. సీటు కింద, వెనక చక్రం పక్కన రెండు పొడుగాటి కడ్డీలు ఉండేవి. తొక్కేవాడు చెయ్యి వెనక్కి పెట్టి, ఒక కడ్డీతో కదులుతున్న చక్రాన్నే వదులు చేయాలి. పెడల్ వెనక్కి తొక్కుతూ రెండో కడ్డీతో చైన్‌ని పక్కకి తోయాలి. చక్రం ఫ్రేములోని పళ్ళ మీద ముందుకో వెనక్కో జరిగి చైన్ టైట్ అవుతుంది, అప్పుడు మళ్ళీ బిగించాలి. ఇదంతా రేసు స్పీడులో! వింటేనే భయం వేస్తుంది. కానీ చైన్‌కి అడ్డంగా అదనపు చక్రాలు లేవు కాబట్టి తొక్కుడు తేలిగ్గా ఉండేది. 1948లో జీనో బార్తాలి ఈ గేరుతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు, తన మొదటి టూర్ గెలిచిన పదేళ్ళకి. దాన్ని ఒకే కడ్డీకి తగ్గించిన తర్వాతి మోడల్‌తో 1950లో ఫౌస్తో కోప్పి పారిస్-రూబే రేసు గెలిచాడు.

అప్పుడు తుల్లియో ఒక మంచి పని చేశాడు. తన గేరు గెలుస్తూ ఉండగానే దాన్ని పక్కన పెట్టేశాడు. 1950 ప్రాంతంలో గ్రాన్ స్పోర్ట్ డీరైలర్ వచ్చింది. కేబుల్ లాగితే నాలుగు కీళ్ళున్న ఒక పారలలోగ్రామ్ పక్కకి కదులుతుంది, దాంతో పాటు చైన్ కదులుతుంది. ఫ్రాన్స్‌లో నివెక్స్ వాళ్ళు ఈ పారలలోగ్రామ్ ఐడియాని ముందే వాడారు. కానీ రేసుల్లో నిలబడేలా, ఏళ్ళ తరబడి చెడిపోకుండా చేసింది తుల్లియోనే. ఇవాళ్టి డీరైలర్లు దాదాపు అన్నీ అదే లెక్క మీద నడుస్తున్నాయి.

1963లో రికార్డ్, 1960ల చివర్లో అల్యూమినియంతో నువో రికార్డ్ వచ్చాయి. ఇవి ఖరీదైనవి. అదే కాలంలో ఫ్రాన్స్ కంపెనీ సింప్లెక్స్ ప్లాస్టిక్‌తో చవక డీరైలర్లు అమ్ముతుంటే, తుల్లియో లోహాన్నే నమ్ముకున్నాడు. ఆయన పార్టుల గొప్పతనం ఏంటంటే, పూర్తిగా విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించొచ్చు. చిన్న స్క్రూ పోయినా ఆ స్క్రూ ఒక్కటే కొనుక్కోవచ్చు. నువో రికార్డ్ డిజైన్ పెద్దగా మారకుండా 1980ల దాకా నడిచింది. అప్పట్లో కొన్న సెట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ ధరలో రిపేరు కూడా కలిసి ఉందన్నమాట.

1972 అక్టోబరు 25న మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. ఆ సైకిల్ ఫ్రేము కొల్నాగోది, పార్టులు కంపన్యోలోవి. బరువు తగ్గడానికి లోహానికి చిల్లులు కూడా పెట్టారు, మొత్తం బరువు 6 కిలోల లోపే. ఆ తర్వాత చిల్లులు పెట్టడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. ఒకటి రెండేళ్ళలోనే కంపన్యోలో సూపర్ రికార్డ్ తెచ్చింది. కొన్ని చోట్ల టైటానియం వాడారు. ధర బాగా పెరిగింది. నువో రికార్డ్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా కొన్ని గ్రాముల బరువు.

సరిగ్గా ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. మెర్క్స్‌కి ఆ రోజు ఎక్కువ సాయం చేసింది తేలిక సైకిలా, మెక్సికో సిటీలో 2,200 మీటర్ల ఎత్తున ఉన్న పలచటి గాలా? చదును ట్రాక్ మీద బరువు కన్నా గాలే పెద్ద శత్రువు. 1996లో క్రిస్ బోర్డ్‌మన్ చేతులు బాగా ముందుకి చాచే పొజిషన్‌లో, గాలిని కోసే సైకిల్ మీద 56.375 కిలోమీటర్లు తొక్కాడు. 2000లో అదే బోర్డ్‌మన్ మెర్క్స్ కాలం లాంటి సైకిల్ మీద తొక్కితే వచ్చింది 49.441. అంటే మెర్క్స్ కన్నా కేవలం 10 మీటర్లు ఎక్కువ.

రెండో దెబ్బ జపాన్ నుంచి వచ్చింది. సన్‌టూర్ పేరుతో అమ్మే మాయెదా కంపెనీ 1964లోనే పారలలోగ్రామ్‌ని ఏటవాలుగా పెట్టింది. దానివల్ల చిన్న పళ్ళచక్రం మీదున్నా పెద్దదాని మీదున్నా చైన్‌ని నడిపే బుల్లి చక్రానికీ వాటికీ మధ్య దూరం దాదాపు ఒకేలా ఉంటుంది, గేరు టక్కున పడుతుంది. కంపన్యోలోది అడ్డంగా మాత్రమే కదిలేది, గేరు ఎక్కడ పడిందో చేతి అలవాటుతో పట్టుకోవాలి. అంటే చాలా తక్కువ ధరకి దొరికే సన్‌టూర్, ఖరీదైన కంపన్యోలో కన్నా గేరు బాగా మార్చేది. రేసర్లు మాత్రం కంపన్యోలోనే వాడారు. గట్టితనం ఒక కారణం, చాంపియన్లు అదే వాడుతున్నారన్నది ఇంకో కారణం.

నట్టు కదలక విసిగిపోయిన మనిషి కంపెనీయే చివరికి వేరేవాళ్ళ మంచి ఐడియాని పట్టించుకోలేదు. నాకు ఆయన జీవితంలో కష్టంగా అనిపించిన భాగం ఇదే. ఆయన బుర్ర పని చేయడం ఆగిపోయిందని కాదు. 1966లో వైన్ సీసా మూత తీసే కార్క్ స్క్రూ కూడా డిజైన్ చేశాడు, అదీ ఖరీదే, ఇప్పటికీ దొరుకుతోంది. గేర్ల దగ్గర మాత్రం గెలుస్తున్నామన్న నమ్మకం అడ్డొచ్చింది. 1950లో గెలుస్తున్న గేరునే పక్కన పెట్టిన ధైర్యం 1970లలో కనపడదు.

కంపెనీ 50 ఏళ్ళు పూర్తి చేసుకున్న 1983లోనే తుల్లియో చనిపోయాడు. కొడుకు వలెంతీనో బాధ్యత తీసుకున్నాడు. మరుసటి ఏడాదే సన్‌టూర్ పేటెంట్ గడువు అయిపోయింది. షిమానో ఆ ఏటవాలు డిజైన్‌ని తీసుకుని, క్లిక్ అంటే ఒక గేరు అనే ఇండెక్స్ సిస్టమ్‌ని దానికి కలిపి డ్యూరా-ఏస్‌లో పెట్టింది. ఆ తర్వాత మార్కెట్ ఎవరిదైందో మన సైకిళ్ళ మీది పేర్లే చెప్తాయి. కంపన్యోలో ఇప్పటికీ ఉంది, విచెంజాలోనే, ఇప్పటికీ ఖరీదుగానే.

మరి మన లెక్క సంగతి? సింపుల్‌గా చూద్దాం. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకోండి. ఖరీదైన సెట్టుతో అర కిలో తగ్గింది. అంటే సుమారు 0.6 శాతం. ఒక గంట పట్టే నిటారు ఘాట్ రోడ్డు మీద మిగిలేది మహా అయితే 22 సెకన్లు. చదును రోడ్డు మీద దాదాపు సున్నా. రేసులో 22 సెకన్లంటే ఫస్ట్ ప్లేస్‌కీ ఎవరికీ గుర్తులేని ప్లేస్‌కీ ఉన్న తేడా. రోజూ కాలేజీకి వచ్చి ఆదివారం లాంగ్ రైడ్ వేసేవాడికి అది ఒక సెల్ఫీ టైమ్.

కాబట్టి ధర చూసినప్పుడు ఆ డబ్బు ఏ ఇబ్బందిని తీసేస్తోందో అడగండి. క్విక్ రిలీజ్ ఒక రేసర్‌ని చలిలో నిలబడే పని నుంచి తప్పించింది, ఎంత పెట్టినా తప్పులేదు. గేరు సరిగా పడటం, బ్రేకు నమ్మకంగా పట్టడం, పార్టు పోతే మన ఊళ్ళో దొరకడం, వీటికోసం ఒక మెట్టు పైకి వెళ్ళినా నష్టం లేదు. ఇవాళ 105లో ఉన్నన్ని గేర్లే డ్యూరా-ఏస్‌లోనూ ఉన్నాయి, వెనక 12. ఆ పైన పెట్టేదాంట్లో ఎక్కువ భాగం గ్రాముల కోసమే. పైగా చైన్, క్యాసెట్ అరిగిపోయేవి. టైటానియం పళ్ళు స్టీలు కన్నా తొందరగా అరుగుతాయి కూడా. ఆ మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేయించుకుని, సీటు ఎత్తు మీ ఒంటికి సరిగ్గా సెట్ చేయించుకుంటే తేడా మొదటి రోజే తెలుస్తుంది.

సూపర్ రికార్డ్ అందంగా ఉంటుంది, కాదనను. డబ్బుండి ముచ్చటపడి కొనుక్కునేవాళ్ళు కొనుక్కోవచ్చు, అందానికి కూడా ఒక ధర ఉంటుంది. ఫీజు కట్టగా మిగిలిన డబ్బుతో కొనేవాళ్ళం మాత్రం ముందు మన సైకిల్‌లో కదలని నట్టు ఏదో వెతుక్కుని, దాని మీద ఖర్చు పెట్టుకుంటే చాలు.