పిల్లల పక్షాన స్టాంపు కాగితం రాయించిన డాన్ బోస్కో

ఇబ్రహీంపట్నం: చేతిపనికీ చదువుకూ ముడిపెట్టిన కేథలిక్ ఫాదర్ డాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఇటలీలోని బెక్కి అనే పల్లెలో రైతు ఇంట పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి పోయారు. తల్లి మార్గరీటా చదివిద్దామంటే, సేద్యగాడికి చదువెందుకని సవతి అన్న గొడవ. పోరు పడలేక తల్లి పన్నెండో ఏట పరాయి రైతు దగ్గర జీతానికి పంపింది. జీతగాని బతుకు మన పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. తర్వాత దర్జీ పని, కాఫీ హోటలు పని చేస్తూనే చదువుకున్నారు.

1841లో ఫాదరై ట్యూరిన్ నగరం చేరారు. అక్కడ కూలికి వచ్చిన పల్లె పిల్లలది గొడ్డుచాకిరీ. జైళ్లలోనూ ఆ ఈడు పిల్లలే కనిపించారు. ఆదివారాలు వారిని పోగుచేసి ఆటలు, ప్రార్థన, అక్షరాలు నేర్పారు. 1846లో ఒక కొట్టం దొరికింది. తల్లి పల్లె విడిచి వచ్చి, 1856లో చనిపోయేదాకా వారికి వండిపెట్టింది, చినిగిన బట్టలు కుట్టింది.

1852లో ఒక కుర్రవాని కోసం వడ్రంగి యజమానితో స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు. పని నేర్పాలి. చేయి చేసుకోరాదు. వేరే చాకిరీ చెప్పరాదు. పండుగనాడు సెలవు. కూలి రోజుకు మొదటి ఏడు 30 సెంటిమ్‌లు, తర్వాత 40, మూడో ఏడు 60. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

1853 నుంచి తానే చెప్పుల పని, దర్జీ పని, పిదప బైండింగు, వడ్రంగం, ప్రెస్సు పెట్టించారు. పనినీ ప్రార్థననూ ఆయన వేరుగా చూడలేదు, బెత్తాన్ని నమ్మలేదు.

1888 జనవరి 31న కన్నుమూశారు. ఆయన స్థాపించిన సలేషియన్ సభవారు 1906లో తంజావూరు వచ్చారు. 1989లో విజయవాడలో వీధిబాలలకు నవజీవన్ బాలభవన్ తెరిచారు.